పది లెక్కపెట్టేదాకా

వెల్లుల్లి అన్నం అడుగంటుతున్న వాసన వస్తున్నా రెమెడియోస్ పొయ్యి వైపు చూడలేదు. శిక్షణ కేంద్రం వాళ్ళు ఫోనుకు పంపిన జాబు మూడోసారి చదువుతోంది. తన ఊరు ఇలోయిలోలో ఇరవైరెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న టీచరమ్మ, థాయిలాండులో ఇంగ్లీషు చెప్పే అర్హత కోసం ఇచ్చిన డెమో క్లాసులో తప్పింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. శనివారం మరో అవకాశం ఉంది. అదీ పోతే అక్కడి స్కూలు ఉద్యోగం వేరొకరికి పోతుంది.

"ఏమంటారే?" గిన్నె దించుతూ అడిగింది అత్తగారు నెనితా.

"ప్రశ్న నేనే అడిగి, జవాబూ నేనే చెప్పేస్తున్నానట అత్తయ్యా. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకుని ఆగాలట."

"పది దాకా నోరు మూసుకోవాలా? వసపిట్టవి, నీ వల్ల ఏమవుతుందిలే."

అత్తగారు నవ్వింది గాని, తప్పు రెమెడియోస్ ఒక్కదానిదే కాదు. టీచరు పలకడం, యాభైమంది పిల్లలు ఒక్క గొంతుతో తిరిగి పలకడం. ఇలోయిలో బళ్ళలో పాఠమంటే అదే. తరగతి నిశ్శబ్దంగా ఉంటే టీచరుకు పాఠం రాదనుకుంటారు.

పదిహేడేళ్ళ కూతురు జోవెలిన్ ఎండుచేప ముక్కతో అన్నం కెలుకుతోంది.

"జోవీ, తిని ఇలా ఎదురుగా కూర్చో. ఇంగ్లీషు రాని పిల్లవనుకో. ఒకసారి పాఠం చెప్పి చూసుకుంటాను."

"నేను కూర్చోను."

"ఎందుక్కూర్చోవు? నేను వెళ్ళేది నీ చదువు కోసమే కదా. నువ్వే సాయం చెయ్యకపోతే ఎలా?"

"చూశావా, మళ్ళీ నువ్వే చెప్పేశావు. వెళ్ళనా అని నన్ను ఒక్కసారైనా అడిగావా?"

"అడిగాను కదే. నీకేం ఇబ్బంది లేదుగా అన్నాను."

"అన్నావు. నేను నోరు తెరిచేలోపే, 'నాకు తెలుసు, నువ్వు ధైర్యం గల పిల్లవి' అనేసి బట్టలు ఉతకడానికి వెళ్ళిపోయావు."

నెనితా చేతిలో గరిటె ఆగిపోయింది. రెమెడియోస్ కుర్చీ లాక్కుని కూతురి ఎదుట కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను. వెళ్ళనా, వద్దా?"

ఒకటి, రెండు. మూడు దగ్గరే నాలుక దురదపెట్టింది. ఆరు దగ్గర, పోనీ మానేస్తానులే అనబోయి మింగేసింది. పది అయింది. పిల్ల పలకలేదు. రెమెడియోస్ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"నాన్న పోయిన రోజు నుంచి నువ్వు మాట్లాడుతూనే ఉన్నావమ్మా." జోవెలిన్ కంచంలోకి చూస్తూ అంది. "విసుగొచ్చేది. కానీ నువ్వు ఆపితే ఇంట్లో నాన్న లేడని తెలుస్తుంది. నాకదే భయం."

నాలుగేళ్ళుగా రెమెడియోస్ కూడా అందుకే మాటలు ఆపలేదు. ఆ సంగతి ఆ క్షణం దాకా తనకే తెలియదు. రోజూ ఫోన్ చేస్తానని చెప్పాలనిపించింది. చెప్పలేదు. పిల్ల మాట ఇంకా పూర్తికాలేదు.

"వెళ్ళమ్మా." జోవెలిన్ ముఖం తుడుచుకుంది. "ఫోన్ చేసినప్పుడు మాత్రం ముందు నన్ను మాట్లాడనివ్వు."

తల్లి తలూపింది. పిల్ల కంచం పక్కకు జరిపి, చేతులు కట్టుకుని బడిపిల్లలా నిటారుగా కూర్చుంది.

"అడగండి టీచర్."

"నీ పేరేమిటి?" రెమెడియోస్ ఇంగ్లీషులో అడిగింది. జోవెలిన్ జవాబు చెప్పబోయి, ముఖం అరచేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. పది దాటింది, ఇరవై దాటింది. తల్లి కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి గాని, నోరు మాత్రం తెరవలేదు.