జ్వరం ఎన్నో రోజు

2094 నాటికి మన్యంలో పుట్టిన ప్రతి బిడ్డ చేతికీ జ్వరపట్టీ కడుతున్నారు. ఒళ్ళు కాలితే ఆ కబురు పట్టీయే ఘాట్ రోడ్డు గేటుకు చేరవేస్తుంది. ఆ ఇంటివారు పది రోజులు గేటు దాటకూడదు. జ్వరం దాచారని తేలితే మాత్రం ఊరంతటికీ నెల రోజులు దారి మూస్తారు. కాఫీ పళ్ళు కోతకొచ్చిన రోజుల్లో నెలంటే ఏడాది తిండి.

వంతల దాసు ఏడేళ్ళ కూతురు జమున గేటు లోపలి ఆస్పత్రిలో మంచం మీద స్పృహ లేకుండా పడి ఉంది. డాక్టర్ హైమవతి అతనికి అర్థమయ్యేలా చెప్పింది.

"మలేరియా పురుగు దూరిన ఎర్రకణం ప్లీహంలోకి వెళ్తే అక్కడ పట్టుబడిపోతుంది. అందుకని వెళ్ళకుండా మెదడులో సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుంటుంది. అలాంటివన్నీ చేరి నెత్తురుకి దారి మూసేస్తాయి."

"మన గేటు లాగన్నమాట," అన్నాడు దాసు.

విమోచని అనే యంత్రం నెత్తుట్లోకి కంటికి కనపడని సూక్ష్మయంత్రాలను వదిలి, ఆ కణాలను గోడ నుంచి ఊడదీస్తుంది. ఎంత వేగంగా ఊడదీయాలో జ్వరం వచ్చిన రోజులను బట్టి నిర్ణయించుకుంటుంది.

"పట్టీ ప్రకారం జ్వరం రెండు రోజులది. వేగంగా మొదలుపెడుతున్నాను," అంది విమోచని.

తెర మీద కణాలు గడ్డకట్టినంత మందంగా ఉన్నాయి.

"ఆగు," అంది హైమవతి. "దాసూ, ఎన్నాళ్ళయింది?"

"పట్టీ సెప్పింది కదమ్మా."

"నేను నిన్నడుగుతున్నాను. పాత జ్వరమైతే ఆ గడ్డలు ఒక్కసారే ఊడి, ముందున్న నాళంలో ఇరుక్కుంటాయి. పిల్ల దక్కదు."

దాసు మంచం పట్టె పట్టుకున్నాడు. "ఆరు. నాలుగు రోజులు పట్టీ దాని తమ్ముడికి కట్టినాం."

విమోచని వేగం తగ్గించింది. మూడు గంటలు హైమవతి తెర మీంచి చూపు తిప్పలేదు. లోలోపల సింహాద్రి అప్పన్నకు దండం పెట్టుకుంటూనే ఉంది. చివరికి జమున పెదవులు కదిపి నీళ్ళడిగింది.

హైమవతి నమోదులో "రెండు రోజులు" అని రాసింది. ఊళ్ళోని ముప్పై ఇళ్ళ కోత పాడవకుండా ఆడిన అబద్ధాన్ని దేవుడు మన్నించడా అనుకుంది.

"డాక్టర్ గారూ, నేను నేర్చుకునేది ఈ నమోదుల నుంచే," అంది విమోచని. "ఇంత మందం పేరుకున్నా జ్వరం రెండు రోజులదేనని ఇకపై లెక్క వేస్తాను. వేగంగా ఊడదీస్తాను. సరేనా?"

హైమవతి దాసు వైపు తిరిగింది.

"ఆరని రాసీయండమ్మా," అన్నాడు దాసు. "మా అక్క కొడుక్కి ఇయ్యాల ఐదో రోజు. పట్టీ మార్చని ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు."