పాత కాగితాల గదిలో ఏడుపు

ఆసుపత్రి ల్యాబు వెనక పాత కాగితాల గది ఉంది చూశారూ, దాని పేరెత్తితే చాలు, ఆయాలు మాట మార్చేసేవాళ్లు. చీకటి పడ్డాక అందులో వెలుగు కదులుతుందట... కాగితాలు వాటంతటవే తిరుగుతాయట... ఎవరో ముక్కు ఎగబీలుస్తూ ఏడుస్తారట.

"మెదడు జ్వరంతో పోయిందే, ఆ తొమ్మిదేళ్ల పాపేలే" అని గుసగుసలు.

నేను చూసింది కాదు, మా పిన్ని చెప్పింది. పిన్నీ బాబాయీ ఇద్దరూ ఆ ల్యాబులోనే టెక్నీషియన్లు. ఆవిడ పగలు, ఆయన రాత్రి.

పాప వెన్నులోంచి తీసిన నీరు ల్యాబుకొచ్చేసరికి డ్యూటీలో ఉన్నది పిన్ని. మిగతా శాంపిళ్లు ఫ్రిజ్‌లో పెట్టొచ్చు గానీ దీన్ని పెట్టకూడదు. చలికి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతే మర్నాడు పరీక్షలో ఏమీ పెరగదు. అందుకే వెచ్చటి పెట్టెలో ఉంచాలి.

ఏమీ పెరగలేదు. బ్యాక్టీరియా లేదని రిపోర్టు వెళ్లింది, డాక్టరు ఇంజెక్షన్లు ఆపేశాడు, మూడో రోజు పాప పోయింది. ఆ నీరున్న గొట్టం రాత్రంతా ఫ్రిజ్‌లో ఉందన్న సంగతి తర్వాతెప్పుడో బయటపడింది.

"నేనొచ్చేసరికే ఫ్రిజ్‌లో ఉంది" అన్నాడు బాబాయి.

పిన్నికేమో పెట్టెలో పెట్టినట్టే గుర్తు. "రెండు డ్యూటీలు వరసగా చేశావు కదే. ఏ పరధ్యానంలో పెట్టావో!" అన్నాడాయన, మెత్తగా. కట్టుకున్నవాడు చెబితే నమ్మక చస్తుందా? నమ్మింది పిచ్చిది.

పిన్నిని డ్యూటీకి రావద్దన్నారు. వారంలో విచారణ. ఉద్యోగం సంగతి తర్వాత, పసిదాన్ని నా చేతులతో చంపుకున్నానే అని పిన్ని అన్నం మానేసింది. ఆ గదిలో దెయ్యం సంగతి కూడా బాబాయే ఇంటికి మోసుకొచ్చాడు. "అటు వెళ్లకు... దానికి నీ మీదే కోపం" అన్నాడు.

పిన్ని వెళ్లింది. కాళ్లు పట్టుకుని క్షమించమని అడగడానికి వెళ్లింది!

వరండా చివర బల్బు లేదు. గది తలుపు ఓరగా ఉంది. లోపల సన్నటి వెలుగు... నేల మీద పాకుతోంది. కాగితం తిరిగిన చప్పుడు. ఆగి... మళ్లీ ఇంకో కాగితం. ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

పిన్ని గుమ్మం దగ్గరే కూలబడింది. "తప్పయిపోయింది తల్లీ... నన్ను క్షమించు..."

వెలుగు టక్కున ఆరిపోయింది.

చీకటి. ఊపిరి చప్పుడు కూడా లేదు —

హాచ్! హాచ్! హాచ్!

వరసగా మూడు తుమ్ములు. దుమ్ము తగిలితే చాలు మొదలవుతాయి. పదేళ్లుగా పక్క మంచం మీంచి వింటున్న తుమ్ములు.

పిన్ని లేచి ఫోను లైటు వేసింది. పాత పుస్తకాల గుట్టల మధ్య గొంతుక్కూర్చుని బాబాయి. ఒళ్లో ఫ్రిజ్ పుస్తకం. అందులో ఏది పెట్టినా, పెట్టినవాళ్లే టైము రాసి సంతకం చెయ్యాలి. పాప పోయిన వారంలోనే అది నిండిపోతే ఎవరో తెచ్చి ఈ గదిలో పడేశారు. ఆయన సగం చింపిన కాగితం మీద పాప పేరుంది, రాత్రి తొమ్మిదిన్నర అని ఉంది, ఆయన సంతకమూ ఉంది.

"పెట్టె ఖాళీ చేస్తూ... అలవాటు కొద్దీ అన్నిటితో పాటు..." బాబాయి గొణిగాడు. "ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఎలాగే? ఎలాగూ నీ మీదికొచ్చింది కదా అని..."

"దెయ్యం ఉందని పుట్టించింది నువ్వేనా?"

తల దించుకున్నాడు.

పిన్ని అరవలేదట. పుస్తకం లాక్కుంది. "ఉద్యోగం అడిగితే ఇచ్చేసేదాన్ని కదయ్యా! నేనే చంపానని రాత్రుళ్లు కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే, పక్కన కూర్చుని నా వీపు నిమిరావే... ఆ చెయ్యి ఎలా వచ్చింది నీకు?"



విచారణ దాకా కూడా ఆగలేదు పిన్ని. ఆ రాత్రే పెద్ద డాక్టరు ఇంటికెళ్లి లేపి, పుస్తకం ఆయన చేతిలో పెట్టి, అక్కణ్ణుంచి మా ఇంటికొచ్చింది. అమ్మ ఓదారుద్దామని వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు కేకేసింది పిన్ని.