అరవై అంగుళాల అబద్ధం

"ఏం తింది?" అని డాక్టరమ్మ అడిగితే, టైలర్ తడుముకోకుండా "ఏమీ తినలేదండీ" అన్నాడు. పొట్ట డోలులా ఉబ్బి, పొద్దుట్నుంచి ఆరుసార్లు వాంతి చేసుకున్న కుక్క అతని ఒళ్లో మూలుగుతోంది. షాపులో పడుకోవడం తప్ప ఏనాడూ పనిచేసిన పాపాన పోలేదు కాబట్టి దాని పేరు మేనేజర్.

"అంటే గాలి పీల్చే ఇంతలా ఉబ్బిందన్నమాట," అని ఆమె ఎక్స్‌రే ఎత్తి చూపించింది. పొట్టలో చిన్న రేకుముక్క తెల్లగా కనబడుతోంది. "మరి ఇదేంటి?"

చూడగానే గుర్తుపట్టాడు. పదేళ్లుగా తన మెడలో వేలాడుతున్న కొలతల టేపు చివరి రేకు అది. టేపు నిన్నట్నుంచి కనబడటం లేదు. కానీ టైలర్ టేపును కుక్క మింగిందని, అదీ అంత చక్కటి కళ్లున్న మనిషితో చెప్పడానికి నోరు రాలేదు. పరువు ముందు, ప్రాణం తర్వాత అనుకునే మహానుభావుడు మరి.

"తెలీదండీ."

"తెలీకపోతే పేగులన్నీ వెతకాలి. అంత టైమ్ దీనికి లేదు." ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

అతను నిజం కక్కేశాడు. గుడ్డ టేపు, అరవై అంగుళాలు.

ఆపరేషన్ మొదలైన ముప్పావుగంటకి ఆమె థియేటర్ తలుపు సందులోంచి పిలిచింది. "టేపు తొమ్మిదో అంగుళం నుంచే ఉంది. మొదటి ఎనిమిదీ లోపలే ఉంటే ఇంకా కోయాలి. అది తట్టుకోలేదు."

అతను చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న తన షాపులోకి పరిగెత్తాడు. కుట్టుమిషన్ కింద, పీలికల మధ్య, నమిలి వదిలేసిన ఎనిమిది అంగుళాలూ దొరికాయి. వాటిని తెచ్చిచ్చి, ఆ తలుపు దగ్గరే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పరువు సంగతి ఆ సమయంలో గుర్తు రాలేదు.

మేనేజర్ బతికింది.

పదో రోజున కుట్లు విప్పడానికి డాక్టరమ్మే షాపుకి వచ్చింది. పనిలో పనిగా కొత్త కోటుకి కొలతలిస్తానంది. అతను కొత్త టేపు తీసి ఆమె చెయ్యి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు.

"ఏమైంది?"

"ఏం లేదండీ."

"పోయినసారీ ఇలాగే అన్నారు. చివరికి కోయాల్సొచ్చింది."

అతను టేపు మెడలో వేసుకున్నాడు. "ఇరవై రెండున్నర. మొదటిసారే తెలిసింది. మిగతా రెండుసార్లూ మీ చెయ్యి వదలబుద్ధి కాక కొలిచాను."

ఆమె రెండో చెయ్యి చాపింది.

"దీన్ని ఒక్కసారి కూడా కొలవలేదు," అంది.