నేపుల్స్‌లో భీమిలి బస్సు

1979. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం ఇంకా మొదలుకాలేదు. ఐస్ ఫ్యాక్టరీలో మంచు దిమ్మల మధ్య చలమయ్య కూర్చుని ఉన్నాడు. ఛాతీలో ఒకే బుల్లెట్. వలలు బాగుచేసే ఆ మనిషి సీక్రెట్ ఏజెంటని హార్బర్‌లో ఎవరికీ తెలియదు. చంపినవాడికి తప్ప.

గంట తర్వాత ఎండుచేపల గోడౌన్ వెనక గదిలో చీఫ్ శ్రీరామ్మూర్తి సిగరెట్ నలిపేశాడు.

"పోర్టులో మనవాళ్లు ఆరుగురు. ఆ పేర్లన్నీ మైక్రోఫిల్మ్ అయి దేశం దాటాయి. చలమయ్య పేరు కొనేవాళ్లకి ఇచ్చిన శాంపిల్. మిగతా ఐదూ శుక్రవారం సాయంత్రం ఐదింటికి నేపుల్స్ హార్బర్‌లో, ఓ ఓడ మీద చేతులు మారతాయి."

"అందులో మొదటి పేరు?" అన్నాడు ఏజెంట్ గురునాథరావు.

"మీ బావ అప్పలసూరి."

గురునాథరావు లేచి నిలబడ్డాడు. అక్కకి ఇప్పుడు ఏడో నెల.

"బావని ఇవాళే దాచేద్దాం సార్."

"దాస్తే వాళ్లకి అనుమానం వస్తుంది, ఫిల్మ్ దారి మారిపోతుంది. అతనికి చెప్పకూడదు, మద్రాసు వెళ్తున్నానను. నువ్వు భీమిలి రూట్లో రెండేళ్లు బస్సు తోలావుగా? నేపుల్స్ ట్రాఫిక్‌కి అంతకుమించిన క్వాలిఫికేషన్ లేదు. ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలియదు. వాళ్లంతట వాళ్లు బయటపడేదాకా నీ నీడని కూడా నమ్మకు."

చీఫ్ ఒక లైటర్ ఇచ్చాడు. అడుగున నొక్కితే ట్రాన్స్‌మిటర్.

నేపుల్స్‌లో శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. ముఠా డ్రైవరు కాఫీలో కలిసిన మందు పుణ్యమా అని హోటల్లో గుర్రుపెడుతున్నాడు. ఫిల్మ్ ఎక్కడుందో ఆ మత్తులోనే వాగేశాడు. అతని బదులు, గడ్డం అతికించుకుని, మాల్టా నుంచి వచ్చిన జోసెఫ్‌నంటూ గురునాథరావు ఫియట్ ఎక్కాడు. పక్క సీట్లో బేరూత్ క్లబ్బుల్లో పాడే మదాం నాదియా. ఎర్రటి పెదవులు, నల్ల కళ్లద్దాలు. ఆమె లిప్‌స్టిక్ గొట్టంలోనే మైక్రోఫిల్మ్. వెనక సీట్లో ఆమెకి కాపలా బ్రూనో. వాడి కోటు కింద పిస్తోలు.

ఎర్రలైటు దగ్గర ఆగిన పాపానికి వెనక పది కార్లు హారన్లతో శాపనార్థాలు పెట్టాయి. ఒక స్కూటర్ మీద మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక గ్యాస్ బండ. ఇంకొకడు స్టీరింగు వదిలేసి రెండు చేతులతోనూ తిట్టాడు. గురునాథరావుకి విశాఖ పూర్ణా మార్కెట్ గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. గండమల్లా ఒక్కటే. ఇక్కడ కుడిపక్కన నడపాలి.

సందు మలుపులో ట్రామ్ ఎదురొచ్చింది. అలవాటు ఊరుకుంటుందా! బండి ఎడమపక్కకి వెళ్లిపోయింది.

మెడ మీద పిస్తోలు చల్లగా తగిలింది.

"ఏ ఊరు నీది?" అన్నాడు బ్రూనో.

"మాల్టా."

"మాల్టాలో ఎడమపక్కనే నడుపుతారు బ్రూనో," అంది నాదియా తల తిప్పకుండానే.

"ఓడ దగ్గర తేల్చుకుందాం. నేరుగా గేట్లోకి పోనీ."

నాలుగు యాభై ఎనిమిది. ఎదురుగా హార్బర్ గేటు. లైటర్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. స్టీరింగు తిప్పితే తను పోతాడు, తిప్పకపోతే బావ పోతాడు. అక్క మొహం కళ్లముందు మెదిలి గురునాథరావుకి ఏడుపొచ్చింది. ముప్పై గజాలు. ఇరవై.

నాదియా సిగరెట్ బూడిద దులిపే నెపంతో చెయ్యి బయటపెట్టి, తలుపు రేకు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

ధన్!

బుర్రకి తెలిసేలోపే కాలు బ్రేకు తొక్కేసింది. భీమిలి బస్సులో కండక్టరు రేకు మీద ఒక్కటి కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. ఆ కాలికి అదొక్కటే చదువు. బ్రూనో ముందుకి ఎగిరొచ్చి డాష్‌బోర్డుకి తల కొట్టుకుని సోలిపోయాడు. వాడి చేతిలో పేలిన గుండు టాపులోంచి దూసుకుపోయింది. నాదియా పిస్తోలు లాక్కుంది.

ధన్! ధన్!

ఫియట్ గేటు ముందే గిర్రున తిరిగి, వన్‌వేలో ఎదురు పరుగెత్తింది. నేపుల్స్‌లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"ఏటలా గుడ్లప్పగించి సూత్తన్నావ్? రోడ్డు సూడన్నా!" అంది బేరూత్ గాయని.

"నువ్వు... మన వైజాగా?"

"పాతూరు జిలానీ బాషా కూతుర్ని, తాహెరాని. రోజూ భీమిలి బస్సులోనే సదువుకెల్లేదాన్ని. ఎడంపక్కకి తిప్పావ్ సూడు, అప్పుడే అనుకున్నాను మనోడేనని."

బ్రూనోని ఒక చర్చి మెట్ల మీద దించేశారు. సముద్రం ఒడ్డున ఫిల్మ్ కాల్చేశారు. ఇంకో కాపీ లేదని తాహెరా ఒట్టేసి చెప్పింది. చలమయ్యని చంపినవాడి పేరు ఆ సాయంత్రమే చీఫ్‌కి కేబుల్ వెళ్లింది. ట్రాన్స్‌మిటర్‌గా పనికిరాని లైటర్ నిప్పుకి మాత్రం పనికొచ్చింది. ఆమె నోట ఆ "అన్నా" ఒక్కటే గురునాథరావుకి కాస్త గట్టిగా తగిలింది.

వారం తర్వాత విశాఖ స్టేషన్‌కి అప్పలసూరి అంబాసిడర్ తెచ్చాడు. స్టీరింగు గురునాథరావే తీసుకున్నాడు. పక్కన బావ బతికి ఉన్నాడు, వేరుశనక్కాయలు నములుతూ ఏదో వాగుతున్నాడు. చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

జగదాంబ జంక్షన్‌లో బండి మలుపు తిరిగింది. అప్పలసూరి గావుకేక పెట్టి తలుపు మీద ఒక్కటి చరిచాడు.

ధన్!

ఇనుప చువ్వల లారీ జానెడు దూరంలో కీచుమని ఆగింది.

"మద్రాసెల్లొచ్చి కుడిపక్కన తోల్తన్నావేటి బావా! నన్ను సంపేత్తావేటి?"

వేల మైళ్లు వెళ్లి కాపాడుకొచ్చిన ప్రాణాన్ని ఇంటికి మైలు దూరంలో తీయబోయిన ఏజెంట్ గురునాథరావు కిందికి దిగి, స్టీరింగు బావకి అప్పగించాడు.