కోరింగ నక్కల వాంగ్మూలం

ఆ కాలానికి కాకినాడలో కుక్కలతో కబుర్లాడటం వింతేమీ కాదు. మెడలో బిళ్లంత శ్వానవాణి యంత్రం కట్టుకున్న వీధికుక్కలు పొద్దున్నే లేచి, పాలవాడి ఆలస్యం గురించీ ఎదురింటివాళ్ల పిసినారితనం గురించీ చక్కటి తెలుగులో చాడీలు చెప్పేవి. తోడేళ్లూ, రేచుకుక్కలూ అయితే ఆ యంత్రం ముందు తమ గోడు వెళ్లబోసుకుని, ఏకంగా కుక్కల కుటుంబానికి చట్టం ఇచ్చే శ్వానకుల రక్షణే సంపాదించేశాయి. ఎటొచ్చీ నక్క ఒక్కటే మిగిలిపోయింది.

శ్వానవాణిని కనిపెట్టిన డాక్టర్ నూకరత్నానికి అదే బెంగ. ఆ సాయంత్రం కోరింగ మడ అడవిలో, చెక్కవంతెన మీద ఆమె పక్కన రక్షణ సంఘం అధ్యక్షుడు సర్వారాయుడు గారు నిలబడి ఉన్నారు. ఆయన సంతకం పెడితే ఆ అడవి నక్కలకు దక్కుతుంది. లేదంటే తెల్లారేసరికి గోదాములు కట్టడానికి యంత్రాలు దిగుతాయి.

"జన్యుపటం, అదే జీనోమ్ మ్యాప్, చూశారు కదండీ," అంది నూకరత్నం. "మన నక్క గుంటనక్కకి దూరపు చుట్టం. తోడేలుకీ, కుక్కకీ అయితే బాగా దగ్గర చుట్టం."

"రక్తం సరేనమ్మా, బుద్ధి మాటేంటి? జిత్తులమారి దాన్ని తెచ్చి పరువుగల కుటుంబంలో కలిపెయ్యమంటే ఎలాగ?"

ఆ అనుమానం తీర్చడానికే ఆమె కొన్నేళ్ల కిందట యంత్రానికి ఉద్దేశసూచి, అంటే ఇంటెంట్ మీటర్, జోడించింది. ఏ ప్రాణి గొంతు విన్నా, అందులోని సన్నటి వణుకును బట్టి, పైకి అన్నదీ లోపల అనుకున్నదీ ఒకటేనా కాదా అది పసిగట్టేస్తుంది. తేడా ఉంటే "జిత్తు" అంటుంది. ఇన్నేళ్లలో ఏ నక్క విషయంలోనూ అది ఆ మాట అనలేదు.

పొద్దు వాలింది. మడచెట్ల వెనక మగనక్క ఊళ వేసింది. కాలవ అవతల నుంచి ఆడనక్క అందుకుంది.

"'నేనిక్కడున్నాను. నువ్వెక్కడ?' 'నేనూ ఇక్కడే. పిల్లలు పీతలు తిన్నాయి,'" అని తెలుగు చేసింది నూకరత్నం చేతిలోని యంత్రం. "జిత్తు లేదు."

"అంతేనా?" అన్నారు సర్వారాయుడు గారు. "ఇంత బుద్ధిగా మాట్లాడిందంటేనే ఏదో దాస్తోందమ్మా. నక్క వినయాలని ఊరికే అన్నారా?" అంటూ పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

ఒకరి జాడ ఒకరు కనుక్కోవడం తప్ప వేరే కోరిక లేని ఆ జంట రేపు ఎక్కడికి పోతుంది? నూకరత్నానికి ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది. చటుక్కున స్పీకర్ ఆపేసి, తెర తనవైపు తిప్పుకుంది.

"ఆగండాగండి! అసలు మాట ఇప్పుడొస్తోందండి, చదువుతాను."

మగనక్క మళ్లీ ఊళ వేసింది.

"'వంతెన మీద ఆ నిండు విగ్రహం ఎవరు? సింహమేమో అనుకుని హడలిపోయాను. అంతటి మహానుభావుడి నీడన బతికే భాగ్యం మాకుందా?'"

సర్వారాయుడు గారు కండువా సర్దుకున్నారు. "అలాగే అందా?"

"అక్షరం పొల్లుపోలేదండి."

"మరి ముందే చెప్పరేం! మంచీ మర్యాదా ఎరిగిన జంతువమ్మా. అనవసరంగా ఇన్నాళ్లూ దాన్ని ఆడిపోసుకున్నాం." అక్కడికక్కడే సంతకం పెట్టేసి, వెళ్తూ వెళ్తూ మడచెట్లవైపు తిరిగి ఒక నమస్కారం కూడా పడేశారాయన.

ఆయన పడవ కనుమరుగయ్యాక నూకరత్నం చెక్కల మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక స్పీకర్ మళ్లీ నొక్కింది.

"డాక్టర్ గారూ, శుభవార్త," అంది యంత్రం. "మీరు ఇన్నేళ్లుగా వెతికిస్తున్న జిత్తు ఇవాళ దొరికింది. చాలా మేలిరకం."

"ఎవరి గొంతులో?" అంది, తెలిసి తెలిసీ.

"మీ గొంతులోనేనండి. ఈ జిత్తుని కుక్కల కుటుంబం కింద నమోదు చెయ్యమంటారా?"

"వద్దొద్దు," అంది నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ. "పాపం, వాటి పరువు తియ్యకు."