ఒకటో తారీకు పెళ్ళికొడుకు

"ఇదేంటండీ?" అంది ఆ అమ్మాయి, నేను బల్ల మీద కుమ్మరించిన కాగితాల కుప్పని పెన్నుతో కదుపుతూ.

"నా అకౌంట్స్."

"ఇవా? లెన్సు బిల్లు, చెప్పుల బిల్లు, సినిమా టికెట్లు, అన్నీ ఒకే ఖాతాలోంచి! అసలు మీకు నెలకి ఎంతొస్తుంది?"

"పెళ్ళిళ్ళ సీజన్లో మహారాజుని. తర్వాత మా అక్క దగ్గర చేబదులు."

ట్యాక్స్ పని మీద ఆడిటర్ గారి ఆఫీసుకి వెళ్తే, ఆయన అసిస్టెంట్ నన్ను ఇలా ఉతికి ఆరేసింది. నాకు ఒళ్ళు మండింది. మండుతూనే, ఆ కళ్ళకి ఎటునుంచి లైటు పెడితే బావుంటుందా అని ఆలోచించాను. ఫొటోగ్రాఫర్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

కుప్పంతా లెక్క కట్టి పెన్ను కింద పెట్టింది. "రెండు ఖాతాలు పెట్టుకోండి. వచ్చిన డబ్బంతా స్టూడియోది. మీరందులో ఉద్యోగి. ఒకటో తారీకున ముప్పై వేలు జీతం, చీటీ రాసి మరీ తీసుకోవాలి."

"ఎవరిస్తారు?"

"మీరే."

"ఎవరికి?"

"మీకే!"

"సీజన్లో ఎక్కువొస్తే?"

"స్టూడియో దాచుకుంటుంది, ఖాళీ నెలల్లో మీకివ్వడానికి. కిందటేడు సంపాదనలో ఖర్చులూ ట్యాక్సూ తీసేసి పన్నెండుతో భాగించాను. అదే ఈ ముప్పై."

నా డబ్బు నేను తీసుకోడానికి ఈవిడ పెత్తనమేంటి? పైకి అనే ధైర్యం లేక బుద్ధిగా తలూపాను.

సీజన్లో డబ్బు వచ్చి పడుతుంటే చేతులు దురద పెట్టాయి. ఫోన్ చేశాను. "ఆడిటరమ్మగారూ, ఈ నెల జీతం పెంచుకోనా?"

"మీ ఓనర్ ఒప్పుకోడు."

"ఓనర్ని నేనే కదా!"

"అందుకే. ఆయన్ని నేను అస్సలు నమ్మను." పకపకా నవ్వింది.

ఆ నవ్వు కోసం మర్నాడూ అదే అడిగాను. మూడో రోజు అడగడానికేం లేక, ఊరికే చేశానన్నాను.

"పనీపాటా లేదా?" అంది. కానీ ఫోన్ పెట్టెయ్యలేదు. గంటసేపు!

వానలు మొదలయ్యాయి. రెండు నెలలు ఒక్క బుకింగ్ లేదు. అయినా ఒకటో తారీకున ఫోన్ టింగుమంది. జీతం జమ! పంపింది నేనే, అయినా ఎగిరి గంతేశాను. చేబదులుకి రాలేదేంటని కంగారుపడి అక్కే ఫోన్ చేసింది. "ఏరా, ఒంట్లో బాగానే ఉందా?"

ఆ సాయంత్రమే ఆడిటరమ్మ తడిసి ముద్దై స్టూడియోకి వచ్చింది.

"ఇంట్లో సంబంధం చూశారు. బ్యాంకు ఉద్యోగం. ఆదివారం వస్తున్నారు."

"కంగ్రాట్స్," అన్నాను, వెధవలా.

"బుద్ధుందా నీకు?"

'మీరు' ఎగిరిపోయింది!

"మా నాన్న చూసేది ఒక్కటే, నెలనెలా జీతం వస్తుందా లేదా అని. నీకొస్తోందిగా! శనివారం వచ్చి అడుగు. నాకు నువ్వే కావాలి. ఇంకా వివరంగా చెప్పాలా?"

"చెప్పు," అన్నాను. వాన తగ్గేదాకా చెప్పింది.

వాళ్ళ నాన్నగారు ఓ మిల్లులో ముప్పై ఏళ్ళు జీతాల గుమాస్తా. శనివారం నా ఎనిమిది చీటీలూ ఆయన చేతిలో పెట్టాను. ఇచ్చినచోటా నా సంతకమే, పుచ్చుకున్నచోటా నా సంతకమే. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివారు. ఆఖరి చీటీ దగ్గర ఆగిపోయారు.

"రెండు వేలు కోతేంటి బాబూ? కారణం..." పైకి చదివారు. "'ఆడిటరమ్మకి జ్వరం.'"

నాలుక్కరుచుకున్నాను. ఉన్నదున్నట్టు రాయడం అలవాటైపోయి, ఆ చీటీ దాచాలన్న తెలివే లేకపోయింది!

"అమ్మాయి రెండ్రోజులు ఆఫీసుకి రాలేదండీ. నాకు కాళ్ళూ చేతులూ ఆడక స్టూడియో తెరవలేదు."

"బుకింగులే లేవుగా? కోసుకోవడం దేనికి?"

"సెలవు చెప్పకుండా మానేశాను కదండీ."

తలుపు దగ్గర ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి తనకీ తెలియదు.

ఆయన చీటీలు జాగ్రత్తగా మడిచి నాకిచ్చారు. "ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టినవాళ్ళని వందలమందిని చూశాను. ఇంకొకళ్ళకి జ్వరమొస్తే తన జీతం కోసుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా." లేచారు. "ఉండు బాబూ. రేపటివాళ్ళని రావద్దని చెప్పొస్తాను."

ఆయన అటు వెళ్ళగానే ఆమె గబగబా వచ్చి నా చేతిలోంచి ఆ ఆఖరి చీటీ లాక్కుంది. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"ఇంకెప్పుడూ ఇలా కోసుకోకు."

"మళ్ళీ నీకు జ్వరమొస్తే?"

"పెళ్ళాం జ్వరానికి జీతంతో సెలవుంటుంది," అంది.