డ్రమ్ములవాళ్ల శాష్‌లు

బ్యాండు మాస్టారు సంచీ విప్పి, శాష్‌లన్నీ దర్జీ కొట్టులో కత్తిరింపుల బల్ల మీద పరిచాడు. భుజం మీంచి నడుం దాకా ఏటవాలుగా వేసుకునే ఎర్ర పట్టీలవి.

"డ్రమ్ములవాళ్లవి అన్నీ తారుమారయ్యాయమ్మా," అన్నాడు. "డ్రమ్ము బెల్టు కుడి భుజం మీంచి వస్తుంది. అందుకే వాళ్లకి శాష్ ఎడమ భుజం మీద ఉండాలి. నువ్వు కుడికి కుట్టావు. ఎడమకి మారిస్తే బ్యాడ్జీ వీపు మీదికి పోతోంది."

తుర్రు వాళ్లమ్మ ఒక శాష్ తీసి, బ్యాడ్జీని వేలితో తడిమింది.

"మీ నాన్నగారి చేతిలో ఇలా ఎన్నడూ జరగలేదు." మాస్టారు గొంతు తగ్గించాడు. "నిన్ను అనడం లేదులే. ఇంట్లో ఇంత కష్టం జరిగాక చెయ్యెలా ఆడుతుంది? రేపటి కవాతుకి ఇంకెవరిచేతైనా సరిచేయించుకుంటా."

తాతయ్య పోయాక కొట్టుకి వచ్చిన మొదటి పని అది. కాలు ఒక్కచోట నిలవని మనవరాలికి తుర్రు అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు తుర్రు గుండీల డబ్బా పక్కన కదలకుండా నిలబడింది.

బ్యాడ్జీ ఎక్కడ రావాలో సుద్దతో గుర్తులు పెట్టింది తనే. "డ్రమ్ములకి ఎడమ," అని అమ్మ చెప్పింది. తుర్రు బట్టలు తొడిగే బొమ్మకి ఎదురుగా నిలబడి, తన ఎడమ చేతివైపున్న భుజం మీద శాష్ వేసింది. బొమ్మకది కుడి భుజం. అమ్మ ఆ గుర్తుల మీదే కుట్టుకుంటూ పోయింది.

"నిజమే మాస్టారూ," అంది అమ్మ. "ఈమధ్య ఏదీ బుర్రకెక్కడం లేదు. నాన్న పని నా వల్ల కాదేమో. పట్టుకెళ్లండి."

మాస్టారు శాష్‌లు మడవసాగాడు. కాసేపు నోరు విప్పకుంటే చాలు, ఆయన వెళ్లిపోతాడు. తుర్రు అమ్మ వైపు చూసింది. అమ్మ మెషీను మీద గుడ్డ కప్పుతోంది.

"అమ్మ తప్పు కాదు." తుర్రు బల్ల దగ్గరికొచ్చింది. "గుర్తులు నేను పెట్టాను. బొమ్మ ఎడమ చూడకుండా నా ఎడమ చూసుకున్నాను."

మాస్టారి చేతులు ఆగాయి.

"మరి కుట్టు?"

"అది అమ్మదే. నేను గీసినచోటే ఉంది, చూడండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని కుట్టు వెంట వేలు పోనిచ్చాడు. చాలాసేపు చూశాడు.

"దీనికి వంక పెట్టడానికి లేదు," అన్నాడు. "ఆ బొమ్మకి నోరుంటే ముందే చెప్పేది. సరే, ఇవి సరిచేసి ఉంచు, రేపు పొద్దున్నే వస్తానమ్మా."

ఆయన వెళ్లాక కూడా అమ్మ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. తిట్టలేదు. కళ్లు మాత్రం తుడుచుకుంది.

తుర్రు చిన్న కత్తెరతో ఒక శాష్ మీది బ్యాడ్జీ కుట్లు విప్పింది. దాన్ని తీసుకుని బొమ్మ వెనక్కి వెళ్లింది. బొమ్మ ఎటు చూస్తోందో తనూ అటే తిరిగి, భుజం మీద వేసింది.

"అమ్మా, ఒకసారి చూడవూ. ఇదేనా ఎడమ?"

అమ్మ గుడ్డ పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"అదే," అంది.

అప్పుడు తుర్రు సుద్ద ఆనించింది.